రెండు నిమిషాల కోసం మిర్యాలగూడ దాకా

మా కారుకు ఒక పేరుంది. కంపెనీ వాళ్ళు పెట్టింది కాదు, మా బామ్మర్ది నరేష్ పెట్టింది: ఆర్డినరీ. బస్సుల్లో ఎక్స్‌ప్రెస్, డీలక్స్, ఆర్డినరీ అని తరగతులుంటాయి కదా, వాటిలో చివరిది. చెయ్యెత్తితే ఆగుతుంది, దిగుతామంటే ఆగుతుంది, ఎవరూ ఏమీ అనకపోయినా కాసేపు ఆగుతుంది. తొమ్మిదేళ్ళుగా ఈ బండిలోనే సూర్యాపేట నుంచి కోదాడకు, అంటే అత్తగారింటికి, వెళ్తున్నాను. దారిలో ఎవరు చెయ్యెత్తినా ఎక్కించుకోవడం, లారీ వెనక పడితే ఆ లారీకి తోడుగా ఉండిపోవడం నా అలవాటు. "ఆర్డినరీ ఎక్కడిదాకా వచ్చింది?" అని వాళ్ళు ఫోన్లు చేస్తుంటే నవ్వుకునేవాణ్ణి. అది కారు పేరేనని నా నమ్మకం. నరేష్ కూతురు నన్ను "ఆర్డినరీ మామయ్యా" అని పిలిచిన రోజు వ్యవహారం చేయి దాటిందని అర్థమైంది.

అదే వారంలో ఒక సమాచారం కంటబడింది. హైదరాబాద్‌లో కార్ల పిచ్చి ఉన్నవాళ్ళ క్లబ్బు ఒకటి మిర్యాలగూడ దగ్గర ట్రాక్ డే పెడుతోంది. వెళ్ళని వాళ్ళ కోసం చెబుతున్నాను: ఇది పందెం కాదు. రోజూ కూరగాయలకు తీసుకెళ్ళే కారునే తీసుకెళ్ళి, రాకపోకలు ఆపిన రోడ్డు మీద, ఎదురు ఎవరూ రారన్న ధైర్యంతో నడపగలిగినంత వేగంగా నడపడం. ఒక్కొక్కరే వెళ్తారు. పొద్దున సాధన. మధ్యాహ్నం ఒక్క చుట్టు మాత్రం టైము పెట్టి నడిపించి, చేతికి సర్టిఫికెట్ ఇస్తారు. మామూలు కారుతో కొత్తవాళ్ళకు ఆ చుట్టు రెండు నిమిషాలు పడుతుందని క్లబ్బు వాళ్ళు రాశారు.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఘర్షణ గురించి పదహారేళ్ళుగా బోర్డు మీద బొమ్మలు గీస్తున్నాను. స్వయంగా పరిచయం లేదు. పేరు ఇచ్చేశాను.

కోదాడలో అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు నరేష్ షరతు ప్రకటించాడు. రెండు నిమిషాలలోపు చుట్టు పూర్తిచేస్తే పేరు వెనక్కి తీసుకుంటాడు, ఫ్యామిలీ గ్రూపులో క్షమాపణ కూడా పెడతాడు. చేయలేకపోతే కారు వెనక అద్దం మీద 'ఆర్డినరీ' అని రేడియం స్టిక్కర్ అంటించుకోవాలి, ఏడాదిపాటు పీకకూడదు. సర్టిఫికెట్ మీద ఉన్న అంకే లెక్క, నోటిమాటలు చెల్లవు. స్టిక్కర్ అప్పటికే కోయించి పెట్టుకున్నాడు. నా మీద అతనికి అంత నమ్మకం.

సూర్యాపేట: వెళ్ళేముందు

శనివారం మధ్యాహ్నం కాలేజీ అయ్యాక బయల్దేరాను. మా ఆవిడ సునీత గరిడేపల్లి దగ్గర బడిలో టీచరు. వారమంతా కారు ఆమెదే. ఆమె నడిపితే ఇదే బండి సూపర్ లగ్జరీ అని వాళ్ళ తమ్ముడి అభిప్రాయం. ఇంత దూరం వెళ్తున్న భర్తకు భార్య చెప్పే జాగ్రత్తలేవో చెబుతుందని గేటు దగ్గర ఆగాను.

"నువ్వు రెండ్రోజులు ఆలస్యంగ వచ్చినా పర్లేదు. సోమవారం పొద్దుగాల నాకు బండి కావాలె" అంది.

హైవే ఎక్కగానే ఆర్డినరీ బతుకుకు స్వస్తి చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఒక లారీని దాటాను కూడా. మునగాల దగ్గర ఒక పెద్దమనిషి చెయ్యెత్తాడు. ఆగాను. నిశ్చయాలకు కూడా కొంత సమయం ఇవ్వాలి.

ఆయన చంకలో గొర్రెపిల్ల ఉంది. కోదాడలో ఉన్న కూతురింటికి తీసుకెళ్తున్నాడట, మనవడు ఆడుకోవడానికి. ఇద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. ఎక్కడికని అడిగితే చెప్పాను. అంతా శ్రద్ధగా విన్నాడు.

"అంటే తిరిగి తిరిగి బయలెల్లిన కాడికే వస్తరా?"

అవునన్నాను.

"మా గొర్రెలు గూడ గదే పని జేస్తయి సారూ. ఇంతవరకు ఎవ్వడు కాయితం ఇయ్యలె" అన్నాడు.

దిగేటప్పుడు కిరాయి ఇవ్వబోతే వద్దన్నాను. గొర్రెపిల్ల మాత్రం వెనక సీటు మీద తనకు తోచింది ఇచ్చి వెళ్ళింది. అది నాకు మరుసటి రోజు తెలిసింది.

కోదాడ: గాలి, పునుగులు

నరేష్‌ది టైర్ల షాపు. నేను వెళ్ళేసరికి షాపు ముందు నలుగురిని నిలబెట్టి నా గురించి ఉపన్యాసం ఇస్తున్నాడు. కారు ఆగీ ఆగకముందే టైర్ల చుట్టూ తిరిగి, వేలితో నొక్కి, పెదవి విరిచాడు. ట్రాక్ మీద టైర్లు వేడెక్కి గాలి పెరుగుతుందట, ముందే కొంచెం తగ్గించుకుని వెళ్ళాలట. వాయువు వేడెక్కితే పీడనం పెరుగుతుందని నేను ఏటా పరీక్షలో ఇచ్చే ప్రశ్నే అది. ఎన్నడూ గాలి మిషన్ దగ్గర గుర్తుకు రాలేదు.

"మలుపు తిరిగేటప్పుడు నువ్వు ఏం చేస్తావు బావా?"

"బ్రేకు వేస్తాను."

"మలుపుకు ముందా, మలుపులోనా?"

"ముందూ, మలుపులో, తర్వాత కూడా."

నలుగురూ నవ్వారు. నరేష్ నవ్వలేదు. స్టిక్కర్ ఉన్న చొక్కా జేబును ఒకసారి తట్టుకున్నాడంతే.

సాయంత్రం పునుగుల బండి దగ్గరికి తీసుకెళ్ళాడు. మా సూర్యాపేటలో సాయంత్రమైతే మిర్చి బజ్జీ, దాంతో పచ్చి ఉల్లిగడ్డ ముక్కలు. పొద్దుపోయేదాకా నమిలినా ఒడవదు. కోదాడలో పునుగులు, అల్లం పచ్చడి. ప్లేటు ముప్ఫై రూపాయలు, పచ్చడి ఎన్నిసార్లయినా ఉచితం. గంటలోపు దూరంలోనే మర్యాద మారిపోతుంది. మా ఊళ్ళో "అన్నా, ఇంకోటెయ్యాల్నా" అంటారు. ఇక్కడ "ఇంకో నాలుగు వెయ్యమంటారా అండీ" అంటారు. ఆ 'అండీ' విని నేను ఎప్పుడూ నాలుగు ఎక్కువ తింటాను.

హుజూర్‌నగర్ దాటాక

ఆదివారం తెల్లవారగానే ఇద్దరం బయల్దేరాం. ముందు సీట్లో నరేష్, వెనక సీట్లో అతని బైకు హెల్మెట్, మా అత్తగారు కట్టిచ్చిన పులిహోర. కోతల కాలం. కాలవల్లో నీళ్ళు తగ్గాయి, పొలాల్లో కోత మిషన్లు తిరుగుతున్నాయి. గాల్లో తడి గడ్డి వాసన.

హుజూర్‌నగర్ దాటి నేరేడుచర్ల వైపు తిరిగాక రోడ్డు సగమైంది. రెండో సగం మీద వడ్లు ఆరబోశారు. ఇటు పక్కల కోతలప్పుడు ఏ తారురోడ్డుకైనా ఇదే గతి. మడి నుంచి వచ్చిన వడ్లలో తేమ ఉంటుంది. తేమ తగ్గితే తప్ప కొనుగోలు సెంటర్లో తీసుకోరు. ఎండకు కాలే తారు కంటే మంచి కళ్ళం ఎక్కడ దొరుకుతుంది? వడ్ల అంచున రాళ్ళు వరసగా పెడతారు. వచ్చే బండ్లు మిగిలిన సగంలోంచి వెళ్ళాలి. ఎదురొస్తే ఒకరు ఆగాలి. ఎక్కడా బోర్డు ఉండదు, ఎవరూ గొడవపడరు. బస్సు డ్రైవర్ నుంచి పెళ్ళి కారు దాకా అందరూ వడ్ల పక్కన నెమ్మదిస్తారు. ఈ ఒక్కచోట జిల్లా మొత్తం ఆర్డినరీయే అని నరేష్‌తో అన్నాను. అతను కిటికీలోంచి బయటికి చూశాడు.

నేరేడుచర్లలో టీ తాగాం. పది రూపాయలు, గ్లాసు చిన్నది, చక్కెర పెద్దది.

మిర్యాలగూడ: బూడిద

మిర్యాలగూడ ఊరికంటే ముందు వాసన వస్తుంది. ఉడికిన వడ్ల వాసన, కొంచెం పులుపు, కొంచెం తీపి. తర్వాత మిల్లుల పొగగొట్టాలు. తర్వాత బూడిద. ఊక కాల్చిన బూడిద సన్నగా రాలుతూ ఉంటుంది. అద్దం మీద పడిందని వైపర్ వేశాను, నీళ్ళు కొట్టకుండా. మరో నిమిషానికి నాకు రోడ్డు బదులు బూడిద రంగు కనిపించింది. కిటికీలోంచి తల బయటపెట్టి ఒక మిల్లు పక్కన ఆపాను. అక్కడ వడ్ల ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి, డ్రైవర్లు ట్రాలీల నీడలో పేకాడుతున్నారు. వాళ్ళలో ఒకతను లేచివచ్చి, అడక్కుండానే తన సీసాలో నీళ్ళు అద్దం మీద కుమ్మరించి, వెళ్ళి మళ్ళీ ముక్కలు తీసుకున్నాడు. కార్ల క్లబ్బు వాళ్ళు ఎక్కడని అడిగాం.

"ఇండ్లు లేని కాలనీ కాడనా? సక్కగ పోండ్రి. సిమెంటు గుర్రాలు కనపడ్తయి."

ఇళ్ళు లేని కాలనీ

నిజంగానే రెండు సిమెంటు గుర్రాలున్న ఆర్చి. దాని వెనక తారురోడ్లు, వీధి దీపాలు, ప్లాటు ప్లాటుకూ హద్దు రాళ్ళు, పిల్లల పార్కులో ఒక జిరాఫీ. ఇల్లు మాత్రం ఒక్కటే, అది వాచ్‌మన్ గది. ప్లాట్లు కొన్నవాళ్ళు ధర పెరగడం కోసం ఎదురుచూస్తున్నారు, రోడ్లు వాహనాల కోసం. క్లబ్బు వాళ్ళు ఈ వెంచర్‌ను ఒక్కరోజుకు కిరాయికి తీసుకున్నారు. చుట్టూ తిరిగే బయటి రోడ్డే ట్రాక్. నాలుగు మూలల్లో నాలుగు మలుపులు, ఆర్చి నుంచి నేరుగా సాగే రోడ్డు మీద కోన్లు పెట్టి అటూ ఇటూ వంకర్లు.

ఇరవైకి పైగా కార్లొచ్చాయి. కొన్నిటి శబ్దం వింటేనే నాకు ఒకచోట నిలబడబుద్ధి కాలేదు. భయమనుకున్నాను. కాసేపటికి అది సంతోషమని తెలిసింది. ఈ వయసులో రెండిటినీ వేరుచేసి గుర్తుపట్టే అలవాటు పోయింది.

కారును తనిఖీ చేయడానికి మేఘన అనే అమ్మాయి వచ్చింది. క్లబ్బు తరఫున ట్రాక్ బాధ్యత ఆమెదే. కారులో కదిలే వస్తువులేవీ ఉండకూడదంది. డిక్కీ తెరిచాం. అందులో పిల్లల పాత బూట్లు, రెండు గొడుగులు, సునీత దిద్దాల్సిన లెక్కల పేపర్ల కట్ట, ఎప్పుడో పోయిందనుకున్న ప్రెషర్ కుక్కర్ మూత. అన్నీ దింపాం. వెనక సీటు చూసి మేఘన, "ఇవి కదులుతాయా సర్?" అని అడిగింది. గొర్రెపిల్ల సంగతి చెప్పాను. నమ్మలేదు. నరేష్ కాగితంతో తుడుస్తూ, సూర్యాపేట వాళ్ళింతేనని ఆమెకు సర్దిచెప్పాడు. బంపరుకు కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు కూడా తీయాలంది. ఆ ఒక్కటీ నరేష్ ఒప్పుకోలేదు. ఇద్దరూ వాదించుకుని, చివరికి టేపుతో బిగించి చుట్టారు. మా కారు నంబర్ పదిహేడు.

వడ్ల మలుపు

తనిఖీ అయ్యాక అందరం ట్రాక్ చూడ్డానికి నడిచాం. మూడో మలుపు తిరిగేసరికి మేఘన ఆగిపోయింది. వెనక వైపు సాఫుగా సాగే పొడవాటి రోడ్డు సగం మీద, ఆ చివర నుంచి ఈ చివరకు, వడ్లు. అంచున రాళ్ళు. మధ్యలో ఒక పెద్దావిడ కాళ్ళు ఈడుస్తూ, వడ్లలో చాళ్ళు తీస్తూ నడుస్తోంది. ఆమె కోడలు అవతలి కొసన అదే పని చేస్తోంది.

క్లబ్బు వాళ్ళు స్థలం చూసుకెళ్ళింది ఎండాకాలం సెలవుల్లో. అప్పుడు రోడ్డు నల్లగా, ఖాళీగా ఉంది. కోతలప్పుడు ఈ జిల్లాలో ఖాళీ తారురోడ్డు అనే వస్తువు ఉండదని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలని మాకెవరికీ తోచలేదు, అది చెప్పుకునే సంగతి కాదు గనక.

ఆవిడ పేరు నర్సమ్మ. పక్క పొలం ఆమెదే. వాచ్‌మన్‌ను అడిగే పోశానంది. వాచ్‌మన్ కనిపించలేదు. సాయంత్రం దాకా కొంచెం పక్కకు తీయగలరా అని మేఘన మర్యాదగానే అడిగింది.

"రేపు సెంటర్ల నాకు కాంటా ఉన్నది బిడ్డా. ఇయ్యాల ఎండకపోతే మల్ల నా వంతు ఎప్పుడొస్తదో ఏమో" అంది నర్సమ్మ. "మీరు ఊరికెనే తిరుగుతాన్రు. నావి వడ్లు."

నరేష్ మధ్యలో దూరాడు. వడ్లు ఎత్తడమంటే పూట పని, ఎత్తి మళ్ళీ పోస్తే ఎండ పోతుంది, రోడ్డు సగం ఖాళీగానే ఉంది, మా ఊళ్ళల్లో అందరం ఆ సగంలోనే బతుకుతున్నాం అని వివరించాడు. చివరికి ఒప్పందమైంది. మూడో మలుపు బయట కోన్లు పెట్టి వేగం తగ్గిస్తారు. ఎడమ సగమే ట్రాక్. ఒక నిబంధన కొత్తగా చేర్చారు, మేఘన మైకులో చదివింది: కోను తాకితే అయిదు సెకన్లు కలుపుతారు, వడ్లు తాకితే చుట్టే రద్దు. హైదరాబాద్ వాళ్ళు నవ్వారు. మేం నవ్వలేదు.

మూడో గేరు

సాధనలో పక్కన ఒకరు కూర్చోవచ్చు. నరేష్ కూర్చున్నాడు. మొదటి చుట్టు ఎప్పటిలాగే నడిపాను. జెండా పట్టుకున్న కుర్రాడు ఇంకా మొదలుపెట్టలేదా అని సైగ చేశాడు.

రెండో చుట్టులో, ట్రాక్ చూపించేటప్పుడు మేఘన చెప్పినట్టు చేశాను. మలుపుకు ముందే గట్టిగా బ్రేకు, తర్వాత కాలు తీసి స్టీరింగ్, బయటికొస్తుంటే యాక్సిలరేటర్. టైర్లు అరిచాయి. తొమ్మిదేళ్ళలో ఈ కారు గొంతు నేను మొదటిసారి విన్నాను. అది ఇలా కూడా మాట్లాడగలదని తెలియక ఇన్నేళ్ళూ దాన్ని కూరగాయల దగ్గర నిలబెట్టాను. మూడో గేరులో ఇంజిన్ లాగుతుంటే సీటు వీపును నెట్టింది. బోర్డు మీద నేను గీసే బాణం గుర్తులన్నీ ఒక్కసారిగా నా నడుముకు తగిలాయి. నరేష్ రెండు చేతులతో కిటికీ పైనున్న పిడి పట్టుకున్నాడు. మా పెళ్ళయిన పన్నెండేళ్ళలో అతను మాట్లాడకుండా నా పక్కన కూర్చున్నది ఆ చుట్టే.

విచిత్రమేమంటే, వేగంలో నాకంటే ఎంతో ముందున్న వాళ్ళు వడ్ల పక్కకు రాగానే తడబడేవాళ్ళు. ఎర్ర కారులో వచ్చిన ఒకాయన అక్కడ దాదాపు ఆగి, ఊపిరి బిగబట్టి పాకేవాడు. నాకు ఆ ఇబ్బంది లేదు. రాళ్ళ వరసకు జానెడు దూరంలో చక్రాలు నడపడం ఇటువైపు వాళ్ళకు నడకతో వచ్చిన విద్య. నర్సమ్మ మా గొడుగుల్లో ఒకటి వేసుకుని గట్టు మీద కూర్చుని ఒక్కో కారునూ కనిపెడుతోంది. ఎర్ర కారును చూసి, "మంచి బండే. భయం మీద ఉన్నది" అందట.

చివరి సాధన చుట్టుకు నరేష్ ఫోనులో టైము చూశాడు. రెండు నిమిషాలకు రెండు సెకన్లు తక్కువ. ఫోను నాకు చూపించకుండా జేబులో పెట్టుకున్నాడు. నేను పక్కనుంచి చూశాను.

మధ్యాహ్నం క్లబ్బు వాళ్ళు బిర్యానీ పొట్లాలు పంచారు, నర్సమ్మకూ కోడలికీ కూడా. మా పులిహోర హైదరాబాద్ వాళ్ళ చేతుల్లో అయిపోయింది. బిర్యానీ ఎలా ఉందని మేఘన అడిగితే, మసాలా సరిపోయింది గాని ఉప్పు లేదని నర్సమ్మ చెప్పింది. తిని చూస్తే ఆమె మాటే నిజం.

ఒక్క చుట్టు

టైము పెట్టిన చుట్లు మొదలయ్యాయి. నా వంతు చివర్లో ఉంది. ఎదురుచూస్తుండగా సాగర్ వైపు ఆకాశం రంగు మారింది. నరేష్ పైకి చూశాడు, నేనూ చూశాను. కాసేపు ఆగుతుందిలే అనుకున్నాం, పైకి అనకుండా.

నరేష్ హెల్మెట్ పెట్టుకున్నాను. అందులో మూడు వానాకాలాల వాసన ఉంది. ఈ చుట్టుకు పక్కన ఎవరూ కూర్చోకూడదు. నరేష్ కిటికీలోంచి తల పెట్టాడు. ఏదో ఎగతాళి వస్తుందనుకున్నాను.

"రెండో మలుపు దగ్గర కొద్దిగా ఆగి తిప్పు బావా. అక్కడ తొందరపడుతున్నావు" అన్నాడు. షరతు పెట్టిన మనిషి.

జెండా పడింది. గీత దాటగానే అక్కడున్న మిషను దానంతటదే టైము మొదలుపెడుతుంది, మళ్ళీ గీత దాటితేనే ఆపుతుంది. కోన్ల మధ్య వంకర్లు ఒక్కటి కూడా తగలకుండా దాటాను. మొదటి మలుపు బాగా వచ్చింది. రెండో మలుపు దగ్గర నరేష్ చెప్పినట్టు కొద్దిగా ఆగి తిప్పితే కారు పట్టాల మీద రైలులా తిరిగింది. నాలో నేనే కేక వేశాను, హెల్మెట్లో అది గట్టిగానే వినిపించింది. మూడో మలుపు. కోన్లు దాటాను. మూడో గేరు. ఎదురుగా పొడవాటి రోడ్డు, కుడిపక్క బంగారం రంగు. ఇంత బాగా నేను జీవితంలో ఏ పనీ చేయలేదేమో అనిపించింది.

అద్దం మీద ఒక చినుకు పడింది. పెద్దది, రూపాయి బిళ్ళంత. తర్వాత ఇంకొకటి.

రోడ్డు మధ్యలో నర్సమ్మ నిలబడి చెయ్యెత్తింది.

ఆలోచించి నిర్ణయం తీసుకున్నానని రాస్తే గొప్పగా ఉంటుంది. అలా ఏమీ జరగలేదు. చెయ్యి కనిపించింది, కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. తొమ్మిదేళ్ళుగా ఆ కాలికి అదొక్కటే తెలుసు. కారు ఆగింది. హెల్మెట్ తీయకుండానే దిగాను.

"ఆ కొస పట్టు సారూ, జల్ది" అంది నర్సమ్మ, నన్ను అక్కడికి కూలికి పిలిచినట్టే. తాడు కట్టిన చెక్కపలక ఒకటుంది. ఆమె పలకను నొక్కిపట్టింది, నేనూ కోడలూ తాడు లాగాం. వడ్లు అలలా ముందుకు జరిగి కుప్పకు చేరాయి. ఆర్చి దగ్గర కార్ల వరసలోంచి నరేష్ అప్పటికే ప్లాట్ల మీదుగా హద్దు రాళ్ళు దూకుతూ పరుగెత్తి వస్తున్నాడు. అతని వెనక మిర్యాలగూడ నుంచి కారు తెచ్చుకున్న ఇద్దరు, టీ అమ్మే అతను, ఎక్కడినుంచో వాచ్‌మన్. ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఆరబోసిన వడ్ల మీద చినుకు పడితే ఇక్కడివాళ్ళ కాళ్ళు అలాగే కదులుతాయి.

హైదరాబాద్ వాళ్ళు ప్రమాదం జరిగిందనుకున్నారు. మంటలార్పే సిలిండర్, స్ట్రెచర్ పట్టుకుని వచ్చారు. సంగతి తెలిశాక స్ట్రెచర్ వృథా కాలేదు, దాని మీద వడ్లు మోశాం. నర్సమ్మ దగ్గర ఒక్కటే టార్పాలిన్ ఉంది, అది కుప్పలో సగానికి కూడా రాలేదు. ఎర్ర కారాయన ఒక్క క్షణం చూసి, వెనక్కి పరుగెత్తి తన కారు మీద కప్పే కవరు తెచ్చాడు. లోపల మెత్తటి గుడ్డ ఉన్న ఖరీదైన కవరు. దాన్ని చూసి మిగతావాళ్ళు తెచ్చారు. వెండి రంగువి, నీలం రంగువి, ఒకదాని మీద చిరుతపులి మచ్చలు. గాలికి లేచిపోకుండా అంచుల మీద రాళ్ళు చాల్లేదు. మేఘన ట్రాక్ మీది కోన్లన్నీ తెప్పించి చుట్టూ పెట్టించింది. వాన దంచికొట్టడం మొదలయ్యేసరికి ఇల్లు లేని ఆ కాలనీలో కప్పు ఉన్నది వాచ్‌మన్ గదికీ ఆ కుప్పకూ మాత్రమే.

మేమంతా తడిసి నవ్వుతూ నిలబడ్డాం. ఎందుకు నవ్వుతున్నామో ఎవరికీ తెలియదు.

అంకె

వాన వచ్చినంత వేగంగా వెళ్ళిపోయింది. నా కారు రోడ్డు మధ్యలో, తలుపు తెరుచుకుని, ఇంజిన్ నడుస్తూ అలాగే ఉంది. సీటులో నీళ్ళు. ఎక్కి, నాలుగో మలుపు తిరిగి, గీత దాటాను. నేను దాటేదాకా మిషను ఓపిగ్గా లెక్కపెడుతూనే ఉందట.

మేఘన సర్టిఫికెట్ తెచ్చి ఇచ్చింది. ముప్ఫై ఎనిమిది నిమిషాల నాలుగు సెకన్లు. వడ్లు తాకితే రద్దు అన్న నిబంధన పలకతో లాగితే వర్తిస్తుందా అని క్లబ్బులో చర్చ జరిగింది, చక్రం తాకలేదు గనక చెల్లుతుందని తేల్చారు. తడిసిన రోడ్డు మీద నడపడం మంచిది కాదని మిగతా చుట్లు ఆపేశారు. రెండోసారి అవకాశం లేదు.

నరేష్ ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

"బావా, మూడో మలుపు దాకా నా ఫోన్లో నువ్వు మూడు సెకన్లు ముందున్నావు. ఇది లెక్కలోకి రాదు. స్టిక్కర్ ఇక్కడే చింపేస్తాను" అని దాన్ని బయటికి తీశాడు.

సర్టిఫికెట్ మీద ఉన్నదే లెక్క అన్నది నువ్వే కదా అన్నాను. నిజానికి ఎందుకలా అన్నానో నాకే తెలియదు. రెండు నిమిషాల కోసం ఇంతదూరం వచ్చినవాణ్ణి.

కుప్ప దగ్గర నర్సమ్మ ఒక కవరు ఎత్తి, చెయ్యి లోపలికి పెట్టి, నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికింది. టక్కుమన్నాయి, అంటే తేమ పట్టలేదు. ఆమె ముఖం తేలికపడింది. మేం స్టిక్కర్ పట్టుకుని వాదించుకోవడం చూసి దగ్గరికొచ్చింది.

"ఏం రాసిన్రు దాని మీద?"

నరేష్ చదివి చెప్పాడు. ఆ పేరు ఎందుకొచ్చిందో కూడా చెప్పాడు, ఈసారి కొంచెం నసుగుతూ.

"మంచి పేరే గదా" అంది నర్సమ్మ. "ఎక్స్‌ప్రెస్‌లు మా ఊర్ల ఆగయి."

స్టిక్కర్ నేనే అంటించాను. ఎర్ర కారాయన తన చొక్కాతో అద్దం తుడిచిచ్చాడు. నరేష్ వంకర లేకుండా పట్టుకున్నాడు.

మళ్ళీ సూర్యాపేట

సోమవారం పొద్దున సునీత కారు చుట్టూ ఒకసారి తిరిగింది. ఎక్కడా గీత పడలేదు. సీటు కింద వడ్ల గింజలున్నాయి, డిక్కీలో ఒక గొడుగు తక్కువైంది. వెనక అద్దం చూసింది, తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నరేష్ ఫ్యామిలీ గ్రూపులో రెండు ఫొటోలు పెట్టాడు. ఒకటి నా సర్టిఫికెట్. రెండోది కాంటా దగ్గర బస్తాల మీద కూర్చున్న నర్సమ్మ, పక్కన మా గొడుగు. కింద ఏమీ రాయలేదు. క్షమాపణ కాదు, ఎగతాళి కూడా కాదు. అతని చరిత్రలో అలాంటి మెసేజ్ లేదు.

సునీత బడి నుంచి మామూలుకంటే గంట ఆలస్యంగా వచ్చింది. ఏమైందని అడిగాను. సూర్యాపేట దాటిన దగ్గర్నుంచి దారంతా జనం వెనక అద్దం చదివి చేతులెత్తారట. వెళ్ళేటప్పుడు ముగ్గురు, వచ్చేటప్పుడు నలుగురు.

"ఆగినవా?" అన్నాను.

తాళాలు నా చేతిలో పెట్టింది.

"ఆగక? రాసి పెట్టుకున్నంక" అంది.